నిప్పురవ్వ చూసే చాచా

కల్వకుర్తిలో మా డీజిల్ బండ్లన్నీ మెకానిక్ చాచా షెడ్డుకే పోయేవి. ఏ బండి వచ్చినా ఆయన ముందు చేసే పని ఒక్కటే. బ్యాటరీ నుంచి కరెంటు వచ్చే ఒక తీగ ఊడదీసి, దాని కొసను ఇంజను ఇనుముకు తాకించేవాడు. చిటుక్కున నిప్పురవ్వ లేస్తే, బండిలో ప్రాణం ఇంకా ఉందని, "పానమున్నది" అనేవాడు. ఆ మాట వింటే మాకు బండి సగం బాగైనట్టే.

నా కొత్త బండి ఒకసారి గొర్రెలతో సంతకు పోతూ దారిలో ఆగిపోయింది. షోరూము దూరమని చాచాను పిలిచాను. ఆయన అలవాటుగా తీగ పీకి తాకించాడు. రవ్వ లేచింది. "పానమున్నది" అన్నాడు. ఆ తర్వాత మీటరు దీపాలు కూడా వెలగలేదు. కొత్త ఇంజన్లను నడిపించేది ఒక చిన్న కంప్యూటర్ డబ్బా అనీ, ఆ రవ్వకే అది కాలిపోయిందనీ షోరూము వాళ్లు చెప్పారు.

కాలిన ఆ డబ్బాను తెచ్చి చూపిస్తే చాచా చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "విప్పి చూద్దమంటే దీనికి మూత సుత లేదు బేటా" అన్నాడు.

కొత్త బండ్లు ఆ షెడ్డుకు పోవడం మానేశాయి. మొన్న అటు పోతే ఆయన ఒక్కడే కూర్చుని, పాత బ్యాటరీ తీగలు రెండింటినీ ఇనుప రేకుకు తాకిస్తున్నాడు. రవ్వ లేచింది.

ఆయన ఏమీ అనలేదు.