సూరిబాబు ముక్కు

నిన్న పొద్దున్న సూరిబాబు నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏరా సూరీ, పొద్దున్నే నా మీద పడ్డావ్?" అన్నాను.

అటు వేరే గొంతు. బహ్రెయిన్‌లో, మామీర్ క్యాంపులో వాడి రూమ్మేట్ నర్సన్న.

"అన్నా, సూరి పోయిండు. కిచెన్ల గ్యాస్ అంటుకున్నది."

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీద కూర మాడిపోయింది. మా సార్ పక్క గదిలోనే ఉన్నారు. ఆయనకి సైనస్, మాడు వాసన కూడా తెలియలేదు.

నిన్నటి నుంచి మన కమ్యూనిటీ గ్రూపులో అందరూ రెస్ట్ ఇన్ పీస్ అని పెడుతున్నారు. మంచివాడు, సరదా మనిషి, అంటూ. మీలో ఒక్కరు కూడా రెండేళ్ళుగా వాడికి ఫోన్ చేయలేదు. వాడే చెప్పాడు.

నేను చేసేవాణ్ణి. అంతకన్నా మంచివాణ్ణేం కాదు. చదవండి.

అప్పట్లో బహ్రెయిన్‌లోనే, బుదైయాలో, ఈ ఇంగ్లండ్ సార్ విల్లాలోనే నేను వంటవాణ్ణి, సూరి తోటమాలి. కడియం నర్సరీల్లో పుట్టి పెరిగినవాడు. కళ్ళు మూసి ఏ పువ్వు పెట్టినా పేరు చెప్పేవాడు.

మా సార్‌కి బీరు ఇంట్లో తయారు చేసుకోవడం పిచ్చి. నా కిచెన్‌లోనే, నా గిన్నెల్లోనే. లీవుకి వెళ్ళినప్పుడల్లా సూట్‌కేసులో హాప్స్ తెచ్చుకునేవారు. హాప్స్ అంటే ఎండబెట్టిన పచ్చటి పూలు. బీరుకి చేదూ వాసనా వాటివల్లే. రకానికో వాసన. ఏ బీరులో ఏ రకం వేయాలన్నదే అసలు సంగతి.

ముక్కు పనిచేయని మనిషికి అది ఎలా తెలుస్తుంది?

ఒకరోజు సూరి మొక్కలకి నీళ్ళు పెట్టి, మంచినీళ్ళ కోసం లోపలికొచ్చాడు. బల్ల మీద పూలు చూసి రెండు తీసుకుని అరచేతుల్లో నలిపాడు.

"ఆయ్, ఇది పంపర పనసండి బాబూ. తొక్క ఒలిసినట్టే ఉంది."

అది కాస్కేడ్ అనే రకం. పుస్తకంలో కూడా అలాగే రాసి ఉందని సార్ ఎగిరి గంతేశారు. ఆ తరవాత మిగతా రకాలూ అంతే, గోల్డింగ్స్ వాడికి తేనె పూసిన ఎండుగడ్డి. ఫగుల్ తడిమట్టి. సాజ్ మిరియాలు. ఏ బీరుకి ఏది వేయాలో వాడే నలిపి ఇచ్చేవాడు. చుక్క కూడా ముట్టనివాడు!

నాకు ఒళ్ళు మండేది. తొమ్మిదేళ్ళుగా వండిపెడుతున్నాను. ఒక్కరోజు కూడా సార్ నన్ను "ఏం వేద్దాం?" అని అడగలేదు.

అంతలో సార్‌కి మస్కట్ ట్రాన్స్‌ఫర్ అయింది. ఒక్కణ్ణే తీసుకెళ్ళగలను, సూరినే అనుకుంటున్నాను అని నాతోనే అన్నారు. శుక్రవారం లంచ్‌కి ఫ్రెండ్స్‌ని పిలిచి వాడి విద్య చూపిస్తానన్నారు.

ఫ్రీజర్‌లో ఆ పూలు నాలుగు గాజు సీసాల్లో ఉండేవి. పేర్లు మూతల మీదే రాసి ఉండేవి. సీసాల మీద ఏమీ ఉండేది కాదు.

గురువారం ఉల్లిపాయలు వేగుతుండగా కాస్కేడ్ మూత గోల్డింగ్స్‌కీ, గోల్డింగ్స్ మూత కాస్కేడ్‌కీ మార్చేశాను. అర నిమిషం పట్టింది.

శుక్రవారం సూరి కళ్ళకి గంతలు కట్టారు. వాడు నలిపి, వాసన చూసి, "కాస్కేడ్ సార్" అన్నాడు. సార్ మూత చూశారు. గోల్డింగ్స్. అందరూ నవ్వారు. ఇంకోటి ఇచ్చారు. అదీ తప్పే. నవ్వులు పెరిగాయి.

సూరి గంతలు ఊడదీసుకున్నాడు. మొదటి సీసాలోంచి ఇంకో పువ్వు నలిపి, నేరుగా నా దగ్గరికొచ్చి అరచెయ్యి నా ముక్కు కింద పెట్టాడు.

"అన్నయ్యా, నువ్వు సూడు. ఇది పంపర పనస కాదా?"

పంపర పనసే. చెయ్యి దగ్గరికి రాకముందే తెలిసింది.

"కాదురా" అన్నాను.

వాడు మళ్ళీ వాసన చూసుకున్నాడు. నా మొహం చూశాడు. నన్ను అనుమానించలేదు. తన ముక్కునే అనుమానించాడు.

మర్నాడు సార్ నన్ను పిలిచి, వీసా పేపర్లు రెడీ చేసుకోమన్నారు. సూరి మామీర్‌లో ఏదో కంపెనీకి మారాడు. నేను మస్కట్ వచ్చేశాను. ఇప్పుడు ఏసీ కింద కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను.

ఫోన్‌లో వాడు నవ్వుతూ చెప్పేవాడు. "సేపలు కొన్నా పక్కోడికి వాసన సూపించి కొంటన్నానన్నయ్యా. నా ముక్కు దెబ్బతినేసింది కదా." నేనూ నవ్వేవాణ్ణి. నిజం చెప్పడానికి రెండేళ్ళు టైం ఉంది. చెప్పలేదు. చెబితే ఈ ఉద్యోగం పోతుందని.

నిన్న నర్సన్న ఇంకో మాట కూడా అన్నాడు. డ్యూటీకి పోయే ముందు సూరి చాయ్ పెట్టబోయాడట.

"గ్యాస్ వాసన వస్తున్నట్టుంది, నీకొస్తుందా అని అడిగిండన్నా. నాకు సర్ది అయింది, ఏం వస్తలేదన్న. అయితే నా ముక్కుదే తప్పు అని నవ్విండు. నేను బాత్రూం దిక్కు నడిచిన. ఎనకనే లైటర్ కొట్టిండు."

నర్సన్న తను చంపేశానని ఏడుస్తున్నాడు. నువ్వు కాదని వాడికి కూడా నేను చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ చెబుతున్నాను.

నాకు ఎవరూ ఓదార్పు రాయొద్దు. తిట్టాలనుంటే తిట్టండి. సార్‌కి ఎవరైనా చూపిస్తే చూపించుకోండి.

అది పంపర పనసేరా సూరీ. నువ్వే కరెక్ట్.

నీకు మంచి నిద్ర పట్టాలి. నాకు అక్కర్లేదు.