మెర్ల్ మెచ్చిన తుపాకి

మా ఒహాయో షూటింగ్ క్లబ్బులోకి ఎవరు కొత్త రైఫిల్ తెచ్చినా మొదటి మాట మెర్ల్ కూగన్‌దే. పొగాకు నమిలి నమిలి అతని కింది పెదవి ఒక పక్కకు వాలిపోయింది. అడక్కుండానే తుపాకి లాక్కుంటాడు, దాని మడమను భుజానికి ఆనించి చూస్తాడు, ట్రిగ్గర్ నొక్కి పెదవి విరుస్తాడు. ఒకరి గొట్టం వంకరంటాడు, మరొకరి ట్రిగ్గర్ మొండిదంటాడు. "బాగుంది" అన్న మాట అతని నోట ఎవరూ వినలేదు.

శనివారం వెండెల్ కొత్త రైఫిల్‌తో వచ్చాడు. ఒకప్పుడు ప్రతి పోటీలో మెర్ల్‌ను ఓడించినవాడు. ఇప్పుడు కుడిచెయ్యి వణుకుతోంది. తూటా తూటాకూ గడియలాంటి బోల్టు లాగలేక, తనంతట తనే తూటా ఎక్కించుకునే ఈ చిన్న సెమీ ఆటోమేటిక్ కొన్నాడు.

"ఏరా, బోల్టు లాగడానిక్కూడా బద్ధకమేనా?" అన్నాడు మెర్ల్. అందరూ నవ్వారు. వెండెల్ కూడా నవ్వి, బెంచీ మీదికి వంగి కాల్చాడు. దూరాన గురి కాగితం మీద చిల్లులు ఆవాలు చల్లినట్టు చెదిరిపోయాయి.

"కొత్తది కదా, దీని గురే ఎక్కడో తప్పింది. నువ్వోసారి చూడరా," అన్నాడు వెండెల్. మెర్ల్ ఎలాగూ ఏదో ఒక వంక పెడతాడని అతని ఆశ.

మెర్ల్ కాల్చాడు. చిల్లులన్నీ కలిసిపోయి నడిమధ్యన చొక్కా బొత్తాం అంత కన్నం పడింది. తుపాకిని అటూ ఇటూ తిప్పి, తీరిగ్గా పరీక్షించాడు. పొగాకు ఉమ్మి, తుపాకిని తిరిగి వెండెల్ వణికే చేతిలో పెట్టాడు.

"చాలా బాగుందిరా," అన్నాడు, అందరికీ వినపడేలా. "ఇందులో ఏ లోపమూ లేదు."