ఎస్తేరమ్మకు బుక్ చేసిన మంచు

2023 వేసవి. సముద్రంలో చేపల వేట ఆపేసే రోజులొస్తే అల్లూరులోని మా ట్రావెల్స్ ఆఫీసుకు పని పెరుగుతుంది. పడవలు ఒడ్డున పడ్డాక గానీ జువ్వలదిన్నె వాళ్లకు ఊరు కదిలే తీరిక దొరకదు. అలా వచ్చినవాళ్లే యేసురత్నం, ఆయన భార్య ఎస్తేరమ్మ. పెళ్లయిన ఇన్నేళ్లకు ఇద్దరూ కలిసి చేస్తున్న మొదటి ప్రయాణం, హైదరాబాదుకు. ఆదివారం ఆరాధనకు ఊళ్లో ఉండి తీరాలి కాబట్టి చేతిలో ఉన్నది రెండు రోజులే.

యేసురత్నం కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు. "చార్మినారు, కోట, మ్యూజియం, ఫిలిం సిటీ... ఏదీ వదలొద్దక్కా. రేపు రేవుకాడ నలుగురూ అడిగితే చూళ్లేదని చెప్పుకోవాల్నా?"

ఇలాంటి ఊపు చాలా చూశాను. అన్నీ చూడాలనుకునేవాళ్లు చివరికి చూసేది ట్రాఫిక్కే. ఫిలిం సిటీ ఒక్కటే రోజంతా మింగేస్తుంది. అందుకే ఆయన్ని వదిలేసి, మా గోడమీది పోస్టర్లో మంచుకొండల్ని చూస్తున్న ఆమెను అడిగాను.

"ఎస్తేరక్కా, నీకేం చూడాలనుంది?"

మొగుడి వైపు ఓసారి చూసి, "మంచు," అంది. "పాపాలు మంచు మాదిరి తెల్లగా కావాలని చిన్నప్పట్నుంచి ప్రార్థన చేస్తాండా. అదెట్టుంటదో ఒక్కసారి చూడాల."

యేసురత్నం పకపకా నవ్వాడు. "రోజూ చేపల మీద ఐసు కొట్టి పోసేది నువ్వే గదా! ఐసు చూసేదానికి హైదరాబాదు పోవాల్నా?"

ఆమె మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది. హైదరాబాదులో పైనుంచి మంచు కురిపించే స్నో పార్కు ఉంది. అక్కడ టికెట్లు స్లాట్ ప్రకారం ఇస్తారు. అంటే ఇచ్చిన వేళకు లోపలికెళ్లి, అది అయిపోగానే బయటికి రావాలి.

"ఫిలిం సిటీ తీసేస్తున్నా రత్నమన్నా. రెండో రోజు పొద్దున రద్దీ ఉండదు, మంచు చూడండి. మధ్యాహ్నం కోట. నచ్చకపోతే వచ్చి నన్ను తిట్టు," అన్నాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

రెండో రోజు ఫోన్ చేసింది ఆయనే. తిట్లకు సిద్ధపడే ఎత్తాను.

"అక్కా, టైమైపోయిందని బయటికి పంపినారు. ఈమె గేటు కాడే నిలబడుకోనుంది, కదలడంలా. ఇంకో స్లాట్ దొరుకుద్దా?"

"మరి కోట?"

"కోట యాడికి పోద్ది? తీసెయ్." ఆయన గొంతు మారింది. "లోపల చేతులు చాపుకోని నిలబడిందక్కా. 'ఇన్నేళ్లు ఐసుతోనే గదే బతికినావు, దీంట్లో ఏముందే' అని అడిగినా. 'దీని కింద చేపల్లేవు గదయ్యా' అనింది."

మధ్యాహ్నం స్లాట్ బుక్ చేశాను.

నగరంలో చూడదగ్గవి ఏవో నాకు బాగా తెలుసు. వచ్చినవాళ్లు దేనితో అలిసిపోయి ఉన్నారో కూడా తెలుసుకున్నాకే టికెట్ తీయాలని ఆ ప్రయాణం నేర్పింది.

వేట మళ్లీ మొదలయ్యాక చేపలు కొనడానికి రేవుకెళ్లాను. పార పట్టుకుని ఐసు పోస్తున్నది యేసురత్నం. నన్ను చూసి, "స్నో పార్కు ఈడే పెట్టేసినానక్కా," అన్నాడు. ఎస్తేరమ్మ ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని నవ్వుతోంది.