కాగితంలో లేని ప్రశ్న

విజయవాడలో మా ఇంటి మేడమీది గదిలో ఒక పెద్దమనిషి ఇంగ్లీషు సంభాషణ నేర్పేవాడు. ఆయన విద్య యావత్తూ ఒక్క కాగితంలో ఇమిడిపోయేది. ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబులు. శిష్యులు ఇద్దరిద్దరుగా నిలబడి వాటిని వల్లించాలి. ఒక్క మాట మారినా కలం మూతతో బల్ల మీద కొట్టి, "షీటులో ఉన్నదే చెప్పాలమ్మా" అనేవాడు. పురాణాలకైనా పాఠభేదాలున్నాయి గాని ఆ కాగితానికి లేవు.

ఒకనాడు నేనక్కడ ఉండగానే, పెడన నుంచి వచ్చిన నేతవారి అమ్మాయిని తోటి విద్యార్థిని ఒకతె కాగితం ప్రకారం తండ్రి వృత్తి అడిగింది. ఆ పిల్ల తడుముకుంటూనే, మా నాన్న మగ్గం నేస్తాడని సొంతంగా ఇంగ్లీషులో వాక్యం కూర్చి చెప్పింది. అందులో దోషమేమీ లేదు. అయినా బల్ల మోగింది.

"నాన్నగారు బ్యాంకు ఆఫీసరమ్మా."

"మా నాన్న కాదండీ."

"షీటులో అవునమ్మా. మళ్ళీ చెప్పు."

మూడుసార్లు చెప్పించాడు.

నెల తిరగకుండానే ఆ అమ్మాయి ఆటోనగర్‌లో ఒక విడిభాగాల దుకాణంలో గుమాస్తా పనికి ఇంటర్వ్యూకు వెళ్ళింది. ఆ ప్రశ్నే వచ్చింది. బెదురులో, వల్లించిన జవాబే నోట వెలువడింది. ఏ బ్యాంకని యజమాని అడిగాడు. ఆమె మళ్ళీ అదే జవాబు వల్లించింది. అబద్ధాలకోరుకు ఉద్యోగమివ్వనని అతడు పంపివేశాడు.

మర్నాడు ఆమె కన్నీళ్ళతో ఈ సంగతి చెబుతుంటే ఆ మహానుభావుడు కళ్ళజోడు సవరించుకొని, కాగితం ఆసాంతం వెదికి, నిశ్చింతగా తలెత్తాడు.

"ఏ బ్యాంకనే ప్రశ్న మన షీటులో లేదు కదమ్మా. వాళ్ళు అడక్కూడదు."