సీటుకి మూడు పూతలు

నిన్న సాయంత్రం నా పరువు మా క్వార్టర్ పెరట్లోనే పోయింది చూడండి! రెండు నెలలుగా రైల్వే వర్క్‌షాపు పెయింట్ షాపులో టీ టైమయ్యేసరికి వాక్స్ మీద పాఠాలు చెప్పిన మొనగాణ్ణి నేనే. ఇక ముందు ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాను. సంగతి మొదటినుంచీ చెప్తాను, టీ చల్లారిపోతే నన్ననకండి.

ఐదేళ్ళ కిందట బుక్ చేసిన స్కూటర్ వినాయక చవితి వెళ్ళాక వచ్చింది. ఆకాశం రంగు. ఈ బెంగాలీ ఊళ్ళో మా రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్ సందులో మొదటి స్కూటర్ మాదే! అది వచ్చేనాటికి నాకు పెళ్ళై ఆరు నెలలు. మా పార్వతిది విజయనగరం పక్క పల్లె. ఉండేది రెండు గదుల క్వార్టర్, అందులో అమ్మా నాన్నా మేమిద్దరం. ఆరు నెలల్లో ఆ పిల్లతో ఒంటరిగా నాలుగు మాటలు మాట్లాడి ఉంటానో లేదో. పైగా దసరాకి వాళ్ళన్నయ్య వచ్చి తీసుకెళ్తానని ఉత్తరం. ఎన్నాళ్ళకి తిరిగొస్తావని అడిగితే, "అమ్మ ఎన్నాళ్ళుండమంటే అన్నాళ్ళు" అంది. త్వరగా వచ్చెయ్యమని చెప్పాలి. ఎక్కడ చెప్పను? స్కూటర్ మీద! ఎవరూ వినరు.

అయితే అమ్మ ఆర్డరేసింది. "విస్వకర్మ పూజ అవకుండా బండెక్కితే కాళ్ళిరగ్గొడతాను." పూజకి ఇంకా ఎనిమిది రోజులుంది. ఎక్కకూడదన్నారు గానీ తుడవకూడదనలేదు కదా! వాక్స్ పని మొదలెట్టాను.

ఏ వాక్స్ అన్నది పెద్ద తగువైంది. పక్కింటి బెంగాలీ పిన్నిగారు, మాషీమా అంటాం, కొబ్బరినూనె చాలంది. మా షాపులో అప్పన్న, సాహెబుల బంగళాల్లో గచ్చుకి రుద్దే పాలిష్ మంచిదన్నాడు. నేను గోల్‌బజార్ వెళ్ళి కారుకి రాసే వాక్స్ డబ్బా తెచ్చాను. నాన్న మూత తీసి వాసన చూసి పెదవి విరిచాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు రైలు పెట్టెలకి రంగేసి రిటైరైన మనిషి. తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించి సొంతంగా ఒక ముద్ద చేశాడు. చివరికి రాజీ కుదిరింది. కింద నా డబ్బా వాక్సు రెండు పూతలు, పైన నాన్న మైనం ఒక పూత.

"పల్సగా పుయ్యాల్రా. ఆరి తెల్లగా పొర కట్టినాక పాత పంచెతో తుడవాల. రోజుకి ఒక్క పూతే. ఇంకోటి, అంగుళం కూడా ఒదల్కు. ఒదిలేసిన అంగుళంలోంచే తుప్పు దిగుతాది," అన్నాడు నాన్న. 

పెయింట్ షాపు వాళ్ళకి ఇది వేదం. నేను అంగుళం వదల్లేదు. మడ్‌గార్డు లోపల పూశాను. స్టెప్నీ కవరుకి పూశాను. గ్లాసుడు నీళ్ళు పోస్తే తామరాకు మీద బొట్టుల్లా దొర్లిపోతున్నాయి! ఆ ఊపులో వానకి తడుస్తుందేమోనని నల్ల రెక్సిన్ సీటుకి కూడా పూశాను. ఒకటి కాదు, మూడు పూతలూను. తుడిచి తుడిచి మెరిపించాను. అందులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

పూజ రోజు వచ్చింది. ఆరోజు వర్క్‌షాపులోకి ఇంటిల్లిపాదినీ రానిస్తారు. అమ్మ బండికి పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. పార్వతి పెళ్ళి పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని పక్కకి తిరిగి కూర్చుంది. సందంతా చూస్తుంటే మొగుడి భుజం మీద చెయ్యి వేస్తుందా! రెండు చేతులూ పళ్ళెం మీదే.

బండి కదిలింది. నేను సీటు మీద ముందుకీ వెనక్కీ జారుతున్నాను, కొత్త బండి గుణం కాబోలు అనుకున్నాను. ట్రాఫిక్ అనే పేట దగ్గర ఒక రిక్షా అడ్డం వచ్చింది. నెమ్మదిగా బ్రేకు వేసి, మళ్ళీ గేరు వేసి ముందుకి పోనిచ్చాను. దారి ఖాళీ. ఇదే సమయం!

"పార్వతీ, మీ ఊళ్ళో నెల్లాళ్ళు ఉండిపోకు," అంటూనే మలుపు తిప్పి ఇంకో గేరు వేశాను. జవాబు లేదు. సిగ్గనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. "నువ్వు వచ్చాకే అది ఇల్లులా ఉంది. నువ్వు లేకపోతే ఆ రెండు గదులూ నాకు ఊరంత పెద్దవైపోతాయి." జవాబు లేదు. "నీకిక్కడ బెంగగా ఉంటే నాకు చెప్పు. నేనున్నాను కదా!" చెప్తూ చెప్తూ నా కళ్ళే తడిశాయి. బండి మాత్రం ఎంత తేలిగ్గా పోతోందో! అంతా వాక్స్ మహిమ అనుకున్నాను.

వర్క్‌షాపు గేటు దగ్గర ఆపాను. అప్పన్న ఎదురొచ్చాడు. 

"వొదినమ్మని తీసుకురానేదేటి అన్నా?"

వెనక్కి తిరిగాను. సీటు తళతళలాడుతోంది. మనిషి లేదు.

ఆ తర్వాత బండిని ఎలా తిప్పానో నాకు తెలీదు. ట్రాఫిక్ మలుపులో గడ్డి మీద కూర్చుని ఉంది. చుట్టూ జనం. ఒక దీదీ మంచినీళ్ళిస్తోంది. పళ్ళెం ఒరగలేదు, కొబ్బరికాయ దొర్లలేదు! 

"దెబ్బ తగిలిందా?" అంటే లేదని తలూపి, పకపకా నవ్వింది. ఆరు నెలల్లో ఆ నవ్వు వినడం అదే మొదలు.

"ఏటండీ, ఏటండీ అని అరిసినాను. దారిలో ఎల్తన్న నలుగురు మన తెలుగోళ్ళు ఆగి సూసినారు. మీరు తప్ప!"

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు నా నడుం గట్టిగా పట్టుకుంది. "దారిలో ఏటో సెప్తన్నారు, నెల్లాళ్ళో ఏటో. తరవాతది వినబడనేదు," అంది. నేను దద్దమ్మని కదా, "ఏం లేదు, వాక్స్ గురించి," అన్నాను.

అమ్మ సంగతి విని ముందు నన్ను తిట్టింది, తర్వాత కోడలితో, "గట్టిగా పట్టుకు కూకో అమ్మా, సిగ్గేటి?" అంది. పార్వతి దసరాకి వెళ్ళి పండగైన మూడోరోజుకే వచ్చేసింది. నాకు ఏనుగెక్కినంత సంబరం! అప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా నడుం పట్టుకునే వస్తోంది. వానలు పడ్డాయి, ఎండలు కాశాయి, దీపావళి వెళ్ళింది. అయినా సీటు జారుడు తగ్గలేదు! షాపులో కాలరెగరేసి చెప్పాను, "నా చేతి పూత రెండు నెలలైనా చెక్కుచెదరలేదు, చూస్కోండి!" అప్పన్న నమ్మి నోట్స్ రాసుకున్నాడు కూడా.

నిన్న తలనొప్పిగా ఉండి పెందలాడే ఇంటికొచ్చాను. పెరట్లో స్కూటర్ పక్కన పార్వతి. ఒక చేతిలో పాత పంచె ముక్క, ఇంకో చేతిలో నాన్న మైనం ముద్ద. సీటుకి పూత వేస్తోంది. పల్చగా, పద్ధతిగా, నాకన్నా బాగా!

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"సెనివారం సెనివారం," అంది తలెత్తకుండా. "ఊరికే పట్టుకుంటే సందులో బాగోదు కదండీ. జారిపోతాదంటే ఎవులూ ఏటీ అనరు." సీటు మీద పంచె ముక్క తిప్పుతూ మళ్ళీ అంది, "ఆరోజు సగంలో పడిపోనాను. మిగతాది ఎప్పుడు సెప్తారోనని..."

పెరట్లో నిలబడి అంతా చెప్పాను. రెండు గదులు, ఊరంత పెద్దవైపోవడం, అన్నీ. ఈసారి ముందు ఆవిడ అక్కడే ఉందో లేదో చూసుకుని మరీ మొదలెట్టాను.