దూరం నేర్చుకున్న డ్రైవరు

ఆయన్ని ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. కూర్చునే ఊళ్ళన్నీ తిరిగిన మనిషి మరి. బస్సు డ్రైవరు. తాను సీట్లో కూర్చోవాలి, తన వెనక యాభైమంది కదిలిపోవాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆయనకు తెలిసిన కూర్చోవడం అదొక్కటే. అటువంటివాడికి ఎడమ కంట్లో నరం దెబ్బతిని చూపు పోయింది. కంపెనీ వాళ్ళు నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపేశారు. ఇంట్లో కుర్చీ ఎటూ కదలదు. పేపరు చదువుతున్నా, అన్నం తింటున్నా ఆయన కుడికాలు నేలను తొక్కుతూనే ఉండేది.

"ఆ బండలో బ్రేకు లేదండీ, వదిలెయ్యండి దాన్ని" అనేది భార్య.

ఎందుకు మానేశావని ఎవరడిగినా "కంపెనీ వాడితో పడలేదు" అని దాటేసేవాడు. కన్ను మాట నోట రానిచ్చేవాడు కాదు. పైకి రెండు కళ్ళూ ఒకేలా ఉండేవి కాబట్టి బయట ఆ అబద్ధం సాగిపోయింది. ఇంట్లోనే సాగేది కాదు. గ్లాసులో నీళ్ళు పోయబోతే బల్లమీద పోసేవాడు. దూరం, దగ్గర తేల్చుకోవడానికి రెండు కళ్ళూ కావాలని, ఒంటికంటికి లోకమంతా గోడమీది బొమ్మలా కనబడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. ఆ మాట ఆయన బుర్రలో వంకరగా నాటుకుంది.

బొమ్మలో మాత్రం దూరం లేదా ఏమిటి? బల్లపరుపు గుడ్డ మీద కొండను దూరంగానూ చెట్టును దగ్గరగానూ చూపిస్తున్నారుగా! ఆ కిటుకేదో పట్టేస్తే ఒంటికంటితోనే బండి నడపొచ్చు, మళ్ళీ కంటి పరీక్షకు వెళ్ళి నెగ్గుకురావచ్చు అనుకున్నాడు. బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్ళేవాళ్ళకు వెయ్యి కారణాలుంటాయి. స్టీరింగు కోసం వెళ్ళినవాడు మాత్రం ఈయనొక్కడే అయి ఉంటాడు. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

బట్టలకొట్టు మీది గదిలో ఒక టీచరమ్మ బొమ్మలు వేయడం నేర్పేది. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి, నోరు కాస్త పదును. మొదట అక్రిలిక్ రంగులిచ్చింది. బల్లమీద ఒక జగ్గు, పక్కన సీసా, ముందు రెండు ఉల్లిపాయలు. అందరూ జగ్గు మీది మెరుపెలా తేవాలని తల పట్టుకుంటుంటే ఈయనది వేరే గోల.

"టీచరుగారూ, జగ్గుకంటే ఉల్లిపాయ ముందుందని ఎలా తెలుస్తుందండీ?"

"ఉల్లిపాయ జగ్గుకు అడ్డం వచ్చింది చూడండి. అడుగు కూడా కిందికి దిగింది. రంగు సంగతి అడగరేం మీరు?"

"రంగుదేముందండీ. దూరం చెప్పండి."

అక్రిలిక్ ఆయనకు నచ్చింది. పూసీ పూయగానే ఆరిపోతుంది. ఈయన తొందర చూసి, ఆ రోగానికిదే మందని టీచరమ్మ ఆయిల్ రంగులు చేతికిచ్చింది. అవి రోజులు గడిచినా ఆరవు. ఆరిందో లేదోనని మాటిమాటికీ బొటనవేలితో నొక్కి చూసేవాడు, ఉల్లిపాయల నిండా వేలిముద్రలే.

"డ్రైవరుగారూ, అది హారన్ కాదండీ, నొక్కకండి" అనేసరికి గదంతా గొల్లుమంది.

"ఒక కన్ను మూసుకుని చూడండి, ఆకారం తేటపడుతుంది" అని టీచరమ్మ చెప్పినప్పుడు తక్కినవాళ్ళు మూతులు వంకర్లు పోగా నానా తంటాలూ పడేవాళ్ళు. ఈయన మాత్రం ఊరికే చూసేవాడు. మీరెంత చక్కగా నిలకడగా చూస్తారండీ అని పక్కనున్న బ్యాంకు గుమాస్తా మెచ్చుకుంటే, గర్వపడాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఇంట్లో నీళ్ళు గ్లాసులోనే పడుతున్నాయి. భార్య సంబరపడిపోయి తమ్ముడితో, "ఇన్నాళ్ళకు మీ బావ కుదుటపడ్డార్రా" అంది. కుదుటపడటమా! ఆ మనిషి నిద్రలో కూడా గేర్లు మారుస్తూనే ఉన్నాడు.

చివరికి టీచరమ్మ, ఇక జగ్గులు చాలు, బయటికి పోదాం పదండి అంది. బావమరిది వ్యాను మాట్లాడారు. భోజనాలు సర్దుకుని భార్య కూడా వచ్చింది. ఊరి బయట, కొండల వైపు పోయే రోడ్డు పక్కన దిగి అందరూ బొమ్మలు వేసే స్టాండ్లు నిలబెట్టుకున్నారు.

"దూరమయ్యేకొద్దీ మధ్యలో గాలి, దుమ్ము అడ్డం పడతాయి" అంది టీచరమ్మ. "అందుకే దగ్గరిది ముదురు, దూరానిది లేత. అంచులు కూడా చెరిగినట్టుంటాయి. ఇదొక్కటి పట్టుకోండి, చాలు."

ఇంతకాలం ఈయన కాచుకుని కూర్చున్నది ఈ మాట కోసమే. రోడ్డు వేశాడు, చెట్లు వేశాడు, చెట్ల వెనక కొండను పాలిపోయిన నీలంలో కలిపేశాడు. ఒళ్ళు మరిచి వేశాడు. టీచరమ్మ వచ్చి, వెనక్కి నడిచి, మళ్ళీ దగ్గరికొచ్చి చూసి, "మీకు దూరం చిక్కిందండీ" అంది. ఆవిడ అన్నది బొమ్మ గురించి. ఈయనకు మాత్రం చేతిలో లైసెన్సు పెట్టినట్టనిపించింది.

తిరుగు ప్రయాణంలో అందరూ ఎక్కాక బావమరిది ముందు చెయ్యి చాపాడు.

"ఒరే, తాళాలిలా ఇయ్యి."

"బావా, నువ్వా... వద్దులే."

"స్టీరింగు పట్టుకోవడం నీకు నేర్పిందెవడ్రా?"

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, వద్దు" అంది భార్య వెనక సీటులోంచి.

"నువ్వూరుకోవే."

నేర్పినవాడికి కాదనలేక బావమరిది తాళాలిచ్చి పక్కన కూర్చున్నాడు. బండి కదిలింది. ఆయన పాదం కింద అసలైన బ్రేకు ఉంది, చేతుల్లో చక్రం ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఉన్నమాట చెప్పాలంటే, ఏడాదిగా అంత సంతోషం ఆయన ఎరగడు.

ముందు ఒక ట్రాక్టరు నెమ్మదిగా పోతోంది. దాటేద్దామని కుడివైపు చూశాడు. ఎదురుగా ఒక లారీ. లేతగా ఉంది, అంచులు చెరిగిపోయి వెనకున్న కొండలో కలిసిపోయి ఉంది. టీచరమ్మ చెప్పినట్టే ఉంది. చాలా దూరం అనుకుని బండిని రోడ్డు మధ్యకు తీశాడు.

అది కంకర క్వారీ నుంచి వస్తున్న లారీ. నెత్తి నుంచి చక్రాల దాకా రాతిపొడి కప్పేసి ఉంది. దూరం వల్ల వచ్చిన లేతదనం కాదది.

"బావా!"

ఎలా తొక్కాడో ఆయనకే తెలియదు. రెండు బండ్లూ మూతీ మూతీ ఆనేంతలో ఆగాయి. వెనక ఆరని బొమ్మలన్నీ జారి అందరి బట్టల మీదా పడ్డాయి. భార్య నుదురు ముందు సీటుకు కొట్టుకుని బొప్పి కట్టింది.

లారీవాడు దూకి వచ్చాడు. "కళ్ళు కనబడట్లేదా?"

ఇదే మాట ఈయన తన కిటికీలోంచి ఎంతమందిని అన్నాడో లెక్కలేదు. వాళ్ళలో ఒక్కరూ ఎన్నడూ జవాబు చెప్పలేదు. అది జవాబు కోసం అడిగే మాట కాదు.

"కనబడట్లేదయ్యా" అన్నాడు డ్రైవరు. "నా ఎడమ కన్ను పోయింది."

నోటి దాకా వచ్చిన తిట్టును లారీవాడు మింగేశాడు. డ్రైవరు దిగి, ఎందుకు బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చాడో టీచరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"నేను నేర్పింది దూరం కనిపెట్టడం కాదయ్యా" అంది ఆవిడ. "లేని దూరాన్ని ఉన్నట్టు నమ్మించడం. ముందే ఒక్క ముక్క అడక్కపోయావా?"

ఆయన తాళాలు బావమరిదికిచ్చి వెనక్కి వెళ్ళాడు. చీరంతా నీలం రంగు పూసుకుని కూర్చున్న భార్య జరిగి చోటిచ్చింది. నుదుటి మీది బొప్పిని ఆయన ముట్టుకోబోతే, వేలు అందక గాల్లో ఆగింది. ఆవిడే ఆ చెయ్యి పట్టుకుంది.

"పోయిందని నాకు తెలియదా? ఆ మాట మీ నోట ఒక్కసారి అని ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదండీ."

"అంటే నిజమైపోతుందని భయమేసిందే" అన్నాడాయన.