హైమవతి గారి గొంతు

మొన్న సాయంత్రం సింగపూర్‌లో ఎక్స్‌పో స్టేషన్లో రైలెక్కాను. ఆఫీసుల నుంచి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళతో పెట్టె కిక్కిరిసి ఉంది. నా వెనకాల ఎవరో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా ఫోన్లో వీడియో చూస్తున్నారు. అందులో ఒక ఆడగొంతు తెలుగులో ఏవో షేర్ల గురించి చెబుతోంది. నిదానమైన గొంతు. వాక్యం చివర కాస్త తగ్గి, చిన్నగా ఆగి, మళ్ళీ అందుకుంటోంది. నేను వెనక్కి తిరిగి చూశాను. అది మనిషి గొంతు కాదనీ యంత్రం తయారుచేసిందనీ కాసేపటికే తెలిసిపోయింది, ఎక్కడా ఊపిరి తీసుకున్న చప్పుడు లేదు. అయినా హౌగాంగ్‌లో ఇంటికి చేరేదాకా హైమవతి గారే కళ్ళ ముందు ఉన్నారు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

హైమవతి గారిది బందరు. విశాఖపట్నంలో రేడియోలో వార్తలు చదివి రిటైరయ్యారు. ఆవిడ గొంతులో తుపాను హెచ్చరిక విని వేట మానుకుని పడవలు పైకి లాక్కున్న ఊళ్ళు ఉత్తరాంధ్ర తీరం పొడుగునా ఉన్నాయి. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ చెప్పుకోలేదు, నాకు చాలా తర్వాత తెలిసింది. భర్త పోయాక సింగపూర్‌లో కూతురు లావణ్య దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా పక్క బ్లాకే. నేను చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు బ్యాక్ ఆఫీసులో పనిచేస్తూ, తెలుగువాళ్ళం కొందరం కలిసి నడుపుకునే ఇంటర్నెట్ రేడియోలో శనివారాలు వార్తలు చదివేదాన్ని. చదవడం నేర్పమని అడగడానికి వాళ్ళింటికి వెళ్ళాను.

మొదటి రోజు మా పేటలో డెంగీ గురించిన వార్త చదివి వినిపించాను. ఉచ్చారణ దిద్దుతారనుకున్నాను. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా, ఈ మాట ఎవరన్నారని అడిగారు. వాట్సాప్‌లో వచ్చిందన్నాను. “వాట్సాప్ మనిషి కాదమ్మా సౌజన్యా. మనిషెవరో చెప్పు” అన్నారు. నాకు తెలియలేదు. కాగితం తిరిగి నా చేతిలో పెట్టి, తెలిశాక చదువుదాం, ఈలోపు కాఫీ తాగు అన్నారు. ఆ శనివారం డెంగీ వార్త లేకుండానే కార్యక్రమం నడిచింది. అలా రెండేళ్ళు ఆవిడ దగ్గర కూర్చున్నాను. చావు వార్త చదివేటప్పుడు గొంతులో ఏడుపు పెట్టకూడదనీ, ఏడవవలసినవాళ్ళు అవతల వింటుంటారనీ, వాళ్ళకు చోటు వదలాలనీ చెప్పేవారు. నా ఆఫీసు రిపోర్టుల్లో కూడా ‘అనుకుంటున్నారు’, ‘తెలుస్తోంది’ లాంటి మాటలు రాయడం క్రమంగా మానేశాను.

ఆవిడకు కోపం రావడం నేను చూడలేదు గానీ, మైకు ముందు కూర్చోలేకపోతున్న దిగులు మాత్రం చూశాను. మా చిన్న రేడియోకి చదవండని అడిగితే, మీరు నేర్చుకునే చోట నేనెందుకు అనేవారు. మనవరాలికి తెలుగు కథలు చదివి వినిపించబోతే ఆ పిల్ల “నాట్ నౌ లా, అమ్మమ్మా” అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో అనేసి ట్యాబ్ పట్టుకుని వెళ్ళిపోయేది. అలాంటి రోజుల్లో శ్రీకర్ వచ్చాడు.

నలభై ఏళ్ళ లోపు మనిషి. మర్యాదస్తుడు. మన రాష్ట్రాల్లో ఎన్నికలప్పుడు పార్టీల తరఫున ప్రచారం నడిపి, తర్వాత సింగపూర్‌లో సొంతంగా వీడియోలు తయారుచేసే కంపెనీ పెట్టుకున్నాడు. హైమవతి గారి పాత వార్తలు సంపాదించి విన్నాడట, అలా చదివేవాళ్ళు ఇప్పుడు లేరన్నాడు. మీ గొంతు కావాలన్నాడు. మొదట పంపినవి రష్యా చలికాలం గురించి, అక్కడి తిండి గురించి, పాత కట్టడాల గురించి. ఇక్కడి ఫ్లాట్లలో మందపాటి గోడలతో, బరువైన ఇనుప తలుపుతో చిన్న బాంబ్ షెల్టర్ గది ఉంటుంది. అందరం అందులో బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ పెట్టుకుంటాం. ఆవిడ అవన్నీ బయటికి సర్ది, గోడలకు దుప్పట్లు కట్టి, అందులో కూర్చుని చదివేవారు. బయటికి వచ్చినప్పుడు చెమటతో తడిసిపోయిన ఆ ముఖంలో నేనెప్పుడూ చూడని కళ ఉండేది.

ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం అప్పటికే నడుస్తోంది. శ్రీకర్ పంపే కాగితాలు మెల్లగా ధరల మీదికి, అక్కణ్ణుంచి యుద్ధం మీదికి మళ్ళాయి. ఒకదాని అంచున చెరపడం మరిచిపోయిన రష్యన్ అక్షరాలు కూడా కనిపించాయట. ఆ కాగితంలో, యుద్ధంలో చనిపోతున్నట్టు చూపిస్తున్న దృశ్యాలు నటులతో తీసినవని నిపుణులు అంటున్నారనీ, సైన్యం వెనక వంటలకూ సాయానికీ వెళ్ళే విదేశీయులకు ప్రమాదమేమీ లేదనీ ఉంది. ఏ నిపుణులని ఆవిడ అడిగారు. వాళ్ళ పేర్లు తెర మీద వేస్తామని శ్రీకర్ చెప్పాడు. ఆవిడ చదివేశారు. వీడియోలో పేర్లేమీ లేవు. విడుదలయ్యాక ఆవిడ దాన్ని చూడనూ లేదు. ఇదంతా తర్వాత ఆవిడే నాకు చెప్పారు, ఒక్క ముక్క కూడా దాచుకోకుండా.

ఒక ఆదివారం మధ్యాహ్నం అప్పారావు అనే అతను మా రేడియోవాళ్ళను అడిగి ఆవిడను వెతుక్కుంటూ వచ్చాడు. శ్రీకాకుళం జిల్లా తీరంలో ఊరు. ఇక్కడే సింగపూర్ ఉత్తరాన సెంబవాంగ్‌లో ఓడల మరమ్మతు పనిలో ఉన్నాడు. మేమిద్దరం బ్లాకు కింద బెంచీ మీద కూర్చుని ఉన్నాం. అతను నిలబడే ఫోన్లో వీడియో పెట్టి, కాసేపు వినిపించి ఆపాడు.

“ఈ గొంతు మీదేనామ్మా?”

“నాదే బాబూ” అన్నారు హైమవతి గారు.

అతని తమ్ముడు రష్యాలో సైన్యానికి సాయం చేసే ఉద్యోగమని ఏజెంటు చెబితే బయలుదేరాడు. ఇంట్లోవాళ్ళు యుద్ధమని భయపడ్డారు. ఏజెంటు ఈ వీడియో చూపించాడు. తండ్రి అది విని, ఆ గొంతు పోల్చుకుని, ఇక అడ్డు చెప్పలేదు. అక్కడ దిగిన కొద్ది రోజులకే ఆ అబ్బాయి చేతికి తుపాకీ ఇచ్చి ముందుకు పంపారు. కొన్నాళ్ళకు ఫోను రావడం ఆగిపోయింది. ఆ తర్వాత, తమ్ముడితో వెళ్ళిన ఇంకో కుర్రాడు ఫోను చేసి అతను చనిపోయాడని చెప్పాడు. శవం ఇంకా రాలేదు. అప్పారావు ఇదంతా గొంతు పెంచకుండా చెప్పాడు. తిట్టడానికి వచ్చాడో, నిజం తేల్చుకోవడానికి వచ్చాడో అతనికే తెలిసినట్టు లేదు. హైమవతి గారు తమ్ముడి పేరేమిటని అడిగారు. జగ్గారావన్నాడు. ఆవిడ ఆ పేరు ఒకసారి పైకి అన్నారు. 

మర్నాడే శ్రీకర్‌ను తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి పిలిచారు. నన్ను కూడా రమ్మన్నారు. వీడియోలు తీసెయ్యమని అడిగారు. అతను టీ కలుపుకుంటూ, అది తన చేతిలో లేదన్నాడు. తనకు పని ఇచ్చిన ఆఫీసు దుబాయ్‌లో ఉందనీ, దాని వెనక ఎవరున్నారో తను అడగననీ చెప్పాడు. ఒక మనిషి చనిపోయాడని నేనంటే నిజంగానే బాధపడినట్టు తల దించుకున్నాడు. తర్వాత అన్నాడు: “మేము అబద్ధం చెప్పం మేడం. అనుమానం పుట్టిస్తాం, అంతే. మిగతాది జనమే చేసుకుంటారు. ఎలక్షన్లలో చేసేదీ అదే.” హైమవతి గారు, ఆ అనుమానానికి నా గొంతెందుకయ్యా అని అడిగారు. ఎందుకంటే మిమ్మల్ని నమ్ముతారు కదా అన్నాడతను, చాలా మామూలుగా.

ఆ సాయంత్రం ఆవిడ తన ఫోన్లో ముఖం కనిపించేలా ఒక చిన్న వీడియో తీసుకున్నారు. ఫలానా మాటలు నేను చదివాను, అవి నిజమో కాదో కనుక్కోలేదు, అది నా తప్పు, వాటిని నమ్మి ఎవరూ బయలుదేరకండి. అంతే. మా రేడియో నుంచి అది చాలా గ్రూపులకు వెళ్ళింది. వారం తిరక్కుండానే ఇంకొకటి వచ్చింది. ఈసారి ఆడియో మాత్రమే. హైమవతి గారి గొంతే. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నట్టు, పశ్చిమ దేశాలవాళ్ళు చెప్పమన్నారు కాబట్టి చెప్పాననీ, ఈ కూలి జనం ఏం చెప్పినా నమ్ముతారనీ నవ్వుతూ అంటోంది. ఆవిడ అలా నవ్వరు, అది యంత్రంతో తయారుచేసిన గొంతు. కానీ ఆ సంగతి ఎంతమందికి తెలుసు? తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఆవిడను పచ్చిగా తిట్టారు. లావణ్య ఆఫీసులోవాళ్ళ దాకా ఎవరో దాన్ని పంపారు. ఆ రాత్రి భోజనాల దగ్గర లావణ్య కళ్ళు తుడుచుకుంటూ, “అమ్మా, ఇది నువ్వు కాదు కదా?” అని అడిగిందట. వీధిలోవాళ్ళ మాటలకు తట్టుకున్న మనిషి ఆ ప్రశ్నకు కుంగిపోయారు. “దాన్ని అనడానికేం లేదమ్మా. విన్నాక నాకే నా మీద సందేహం వచ్చింది” అన్నారు నాతో.

పోలీసులకు ఫిర్యాదు చేశాం. ఒక యువ అధికారి ఓపిగ్గా విని, అన్నీ రాసుకున్నాడు. కొన్ని వీడియోలు తొలగించారు. అప్పటికే వాటి నకళ్ళు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. శ్రీకర్ దేశం వదిలి వెళ్ళాడని తెలిసింది. అతనికి ఏ శిక్షా పడలేదు. ఇప్పుడు ఎక్కడో ఎవరి ఎన్నికకో పనిచేస్తూ ఉండే ఉంటాడు.

మరో వీడియో చేద్దామని నేనన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “ఇంకెన్ని చేసినా అవతలివాళ్ళూ చేస్తారు. ఏది నేనో వినేవాళ్ళకెలా తెలుస్తుంది? మనిషే వెళ్ళాలి” అన్నారు. ఆ ఆదివారం సెంబవాంగ్‌లో తెలుగు కార్మికులు కలుసుకునే చోటికి వెళ్ళాం. మైకు ఇవ్వబోతే వద్దన్నారు. అందరూ దగ్గరికి జరిగితే తప్ప వినిపించనంత మామూలు గొంతుతో, జరిగింది చెప్పారు. ఇక మీదట ఫోన్లో నా గొంతు వినిపిస్తే నమ్మకండి, మంచి మాట చెప్పినా సరే నమ్మకండి అన్నారు. ముప్పై ఏళ్ళ పైన కష్టపడి సంపాదించుకున్నదాన్ని ఆవిడ ఆ ఒక్క మాటతో వదిలేసుకున్నారని పక్కనున్న నాకు తెలుసు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. అప్పారావు గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. మేము బయలుదేరినప్పుడు బస్టాపు దాకా వచ్చాడు. బస్సు కనిపించాక, మా అయ్యతో కూడా సెప్తారామ్మా అని అడిగాడు.

ఫోన్లో చెప్తే సరిపోదని ఆవిడ అన్నారు. నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను. విశాఖలో దిగి, కారులో తీరం వెంట ఆ ఊరు చేరేసరికి ఎండ మండిపోతోంది. అప్పారావు తండ్రి గుమ్మం ముందు నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. హైమవతి గారు ఆయన ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. పేరు చెప్పారు. ఆయన చేతులు ఆగిపోయాయి. రేడియో అమ్మవేనా అన్నాడు. అవునన్నారు. ఆ వీడియోలో నేను చదివింది అబద్ధం, కనుక్కోకుండా చదివాను, మీ అబ్బాయి వెళ్ళడంలో నా పాపం ఉంది అన్నారు. ముసలాయన వల పక్కన పెట్టాడు.

“తుపానొస్తందని నువ్వు సెప్తే ఆగిపోయీవోణ్ణి” అన్నాడు. “బయం నేదని నువ్వే సెప్పినావని పంపీసినాను.”

ఆయన క్షమించాననలేదు. ఆవిడ అడగనూ లేదు. లోపలినుంచి ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగారు. కాసేపయ్యాక ఆయనే లోపలికి వెళ్ళి కొడుకు ఫోటో తెచ్చి చూపించాడు.

తిరిగి వచ్చాక ఆవిడ ప్రతి ఆదివారం సెంబవాంగ్ వెళ్ళేవారు. నేనూ వెళ్ళేదాన్ని. కార్మికులు తమ ఫోన్లకు వచ్చినవి చూపించేవారు. ఫలానా దేశంలో ఉద్యోగాలు, ఫలానా మందు, ఫలానా నాయకుడు అన్న మాట, యుద్ధం ముగిసిందన్న కబురు. మొదట్లో వచ్చినవాళ్ళు ఒకరిద్దరే. తర్వాత కూర్చోవడానికి చోటు చాలేది కాదు. చిత్రమేమిటంటే, అంత అనుభవమున్న మనిషి వాళ్ళకు ఎక్కువసార్లు చెప్పిన జవాబు ‘నాకు తెలియదు’ అన్నదే. మొదట్లో నాకు అది చిన్నతనంగా ఉండేది, ఇంత దూరం వచ్చి తెలియదనడమేమిటని. మెల్లగా అర్థమైంది. తెలియదన్నాక ఆవిడ ఊరుకునేవారు కాదు. వారమంతా ఫోన్లు చేసేవారు, తెలిసినవాళ్ళను అడిగేవారు, వచ్చే ఆదివారం వెళ్ళి అదే మనిషిని వెతికి పట్టుకుని చెప్పేవారు. కొన్నిసార్లు ఇంకా తెలియలేదని చెప్పడానికే వెళ్ళేవారు.

ఒక ఉదయం నిద్రలోనే ఆవిడ గుండె ఆగిపోయింది. సంతాప సభలో ఆవిడ పాత రికార్డింగు వేద్దామని ఎవరో అంటే లావణ్య వద్దంది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, ఆవిడ తమతో అన్న మాట ఒకటి తమ గొంతుతోనే చెప్పి కూర్చున్నారు. చివర్లో అప్పారావు లేచాడు. మా ఊరొచ్చినారు, మా అయ్య ముందర కింద కూకున్నారు అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు నేను వెళ్తున్నాను. నాకు ఆవిడ గొంతు లేదు, పేరూ లేదు. మొన్న ఒక కొత్తతను, విజయనగరం వైపువాడు, ఏదో దేశంలో డ్రైవరు ఉద్యోగమని వచ్చిన వీడియో చూపించి, ఏజెంటు రేపటికల్లా మాట చెప్పమంటున్నాడని, వెళ్ళవచ్చా అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నా ముఖంకేసి చూస్తున్నారు. అవుననో కాదనో అనెయ్యడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. నాకు తెలియదు, కనుక్కుని వచ్చే ఆదివారం చెప్తాను అన్నాను.  అతను ఫోను జేబులో పెట్టుకుని, “సరే మేడం. అందాకా ఆగుతాను” అన్నాడు.